బడి తెరవాలా, వద్దా: పిల్లలు, వైరస్ విషయంలో మారుతూ వచ్చిన సూచనలు

2020 మార్చిలో ఒక్కో దేశం బడులు మూసేస్తూ పోయినప్పుడు కోవిడ్ గురించి తెలిసింది చాలా తక్కువ. అప్పటి ఆలోచనకు ఆధారం ఫ్లూ. అది పిల్లల్లో వేగంగా పాకి, వాళ్ల ద్వారా ఇళ్లకు చేరుతుంది. జపాన్‌లో బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేసిన కాలంలో వృద్ధుల మరణాలు తగ్గాయని 2001లో ఒక అధ్యయనం చూపింది. ఈ లెక్కన మూసివేత సబబే అనిపించింది. కొన్ని వారాల్లోనే 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇళ్లకు పరిమితమయ్యారు.

కానీ కోవిడ్ ఫ్లూలా లేదు. పిల్లల్లో కేసులు తక్కువగా కనిపించాయి, జబ్బు తీవ్రతా తక్కువే. ఇక్కడే వాదన దారి తప్పింది. పిల్లలకు జబ్బు ముదరదు అన్నది ఒక మాట. వాళ్ల నుంచి ఇంకొకరికి సోకదు అన్నది పూర్తిగా వేరే మాట. మొదటిదానికి ఆధారాలు త్వరగానే దొరికాయి. రెండోదానికి దొరకలేదు. అయినా చాలామంది రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడారు. పైగా అప్పటి లెక్కలు చాలావరకు బడులు మూసి ఉండగా తీసినవి. ఇంట్లోనే ఉన్న పిల్లవాడు ఎవరికి అంటిస్తాడు? టెస్టులూ ఎక్కువగా లక్షణాలు ఉన్నవారికే చేశారు కాబట్టి, లక్షణాలు లేని పిల్లలు లెక్కలోకే రాలేదు.

బడులు తెరిచిన చోట్ల అనుభవం ఒకేలా లేదు. డెన్మార్క్ 2020 ఏప్రిల్ మధ్యలో చిన్న తరగతులు మొదలుపెట్టింది. పిల్లల్ని చిన్న గుంపులుగా విడదీశారు, పదేపదే చేతులు కడిగించారు. కేసులు ఎగబాకలేదు. ఇజ్రాయెల్ మే నెలలో తెరిచింది. ఎండలు తీవ్రంగా ఉన్నాయని మాస్కుల నిబంధన సడలించిన రోజుల్లోనే, జెరూసలెంలోని ఒక హైస్కూల్లో 150 మందికి పైగా విద్యార్థులకు వైరస్ సోకింది. జూన్‌లో అమెరికాలోని జార్జియాలో ఒక వేసవి శిబిరంలో టెస్టు ఫలితాలు దొరికిన 344 మందిలో 260 మందికి పాజిటివ్ వచ్చింది.

జులైలో దక్షిణ కొరియా అధ్యయనం వచ్చింది. పదేళ్ల లోపు పిల్లలు తక్కువగా అంటిస్తారని, 10 నుంచి 19 ఏళ్ల వాళ్లు మాత్రం పెద్దలకు తీసిపోరని వార్తలు హోరెత్తాయి. కొద్ది వారాల్లోనే మరింత వివరంగా చూస్తే, ఇంట్లో ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఆ డేటాతో తేల్చలేమని బయటపడింది. ఈ సవరణకు మొదటి వార్తకు దక్కిన ప్రచారం దక్కలేదు. తల్లిదండ్రుల టెన్షన్ అప్పటికే పెరిగిపోయింది. సెప్టెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కాంటాక్ట్ ట్రేసింగ్ (రోగిని కలిసినవాళ్లను వెతికి టెస్టు చేయడం) లెక్కలతో వచ్చిన పెద్ద అధ్యయనం, పిల్లలు తమ ఈడు వాళ్లకు బాగానే అంటిస్తారని చూపింది.

ఈలోగా అమెరికాలో ఇది రాజకీయమైపోయింది. అక్కడి పిల్లల వైద్యుల సంఘం, పిల్లలు బడికి రావడమే లక్ష్యంగా ఉండాలని జూన్ చివర్లో చెప్పింది. జులై 8న అధ్యక్షుడు ట్రంప్, అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ పెట్టిన నిబంధనలు మరీ కఠినంగా, ఖర్చుతో కూడుకుని ఉన్నాయని ట్వీట్ చేశారు. రెండు వారాలకే సీడీసీ, బడులు తెరవడం ఎంత ముఖ్యమో చెబుతూ కొత్త ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటనలో శాస్త్రపరంగా సరైన మాటలూ ఉన్నాయి. కానీ ఒత్తిడి తర్వాత వచ్చింది కాబట్టి టీచర్లు నమ్మలేకపోయారు. నా దృష్టిలో ఆ ఏడాది జరిగిన పెద్ద నష్టం ఇదే. తర్వాత వచ్చిన ప్రతి సూచననూ జనం అనుమానంగానే చూశారు.

పిల్లల మధ్య ఉండాల్సిన దూరం విషయమూ అంతే. ఆరడుగుల ఎడం పాటించాలంటే చాలా తరగతి గదుల్లో సగం మందికి కూడా చోటు చాలదు. మసాచుసెట్స్ బడుల లెక్కల్లో మూడడుగులకూ ఆరడుగులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2021 మార్చి 19న సీడీసీ, మాస్కులు పెట్టుకున్న విద్యార్థులకు మూడడుగులు చాలంది. వైరస్ గాలిలో తేలే సూక్ష్మ తుంపరల ద్వారా సోకుతుందని ఆ సంస్థ స్పష్టంగా రాసింది మాత్రం మే నెలలో. కిటికీలు తెరవడం గురించి మొదటి రోజు నుంచే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

భారతదేశంలో 2021 జూన్, జులైల్లో జరిగిన నాలుగో జాతీయ సీరో సర్వేలో (రక్త పరీక్షల సర్వే) 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి యాంటీబాడీలు, అంటే వైరస్ అప్పటికే సోకి వెళ్లిన గుర్తులు, కనిపించాయి. అప్పటికి దాదాపు ఏడాదిన్నరలో ఎక్కువ కాలం వాళ్ల బడులు మూసే ఉన్నాయి. బడులు తెరిస్తే ముందు ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం మంచిదని, సిబ్బందికి టీకాలు వేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పటి అధిపతి బలరాం భార్గవ ఆ జులైలోనే చెప్పారు.