నెత్తురు ఆపే మందు కోసం వెతికితే పుట్టిన మాత్ర

హైదరాబాద్‌లో డ్రగ్స్ కేసు ఎప్పుడు బయటపడినా అందరూ అడిగేది ఒక్కటే: ఎవరెవరున్నారు? 2017లో ఎక్సైజ్ శాఖ సిట్ సినిమావాళ్లను పిలిచి విచారించినప్పుడూ ఇదే, 2022 ఏప్రిల్‌లో బంజారాహిల్స్ పబ్బు మీద పోలీసులు దాడి చేసినప్పుడూ ఇదే. పేర్లు వారాల తరబడి నలిగాయి. పబ్బుల్లో 'ఎక్స్‌టసీ' పేరుతో తిరిగే ఎండీఎంఏ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో చెప్పిన వార్త మాత్రం వెతికితే గానీ దొరకలేదు. పిల్లల్ని పోగొట్టుకునే ఇళ్లకు కావాల్సింది ఆ సంగతే.

ఎండీఎంఏ పుట్టింది పబ్బుల కోసం కాదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మెర్క్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆంటన్ కోలిష్, రక్తస్రావం ఆపే మందు కోసం వెతుకుతుంటే మధ్యలో తయారైన పదార్థమిది. 1912 డిసెంబర్ 24న పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. ఆకలి చంపడానికి చేశారని చాలాచోట్ల రాస్తుంటారు, అది నిజం కాదు. తర్వాత దశాబ్దాల పాటు దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1970లలో అమెరికా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ షల్గిన్ మళ్లీ తయారుచేసి, తనే వేసుకుని చూసి, మానసిక చికిత్స చేసే మిత్రులకు ఇచ్చాడు. అక్కడి నుంచి బయటికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1980ల మొదట్లో డల్లాస్ బార్లలో బాహాటంగా అమ్మారు. 1985 జులై 1న అమెరికా నిషేధించింది. మాదకద్రవ్యాలను నిషేధించే మన ఎన్‌డీపీఎస్ చట్టం అమల్లోకి వచ్చిందీ అదే ఏడు, నవంబర్‌లో. 1988 నాటికి బ్రిటన్ కుర్రకారు పాత గోడౌన్లలో ఈ మాత్రలు మింగి తెల్లారేదాకా గెంతుతున్నారు.

ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మింగాక అరగంట, ముప్పావుగంట దాకా ఏమీ తెలియదు. 'ఇది పనిచేయట్లేదు' అని రెండోది వేసుకునేది అప్పుడే. తర్వాత మెదడు దాచుకున్న సెరటోనిన్ అనే, మనసు స్థితిని నడిపే రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఎదురుగా ఉన్న ప్రతి మనిషి మీదా ప్రేమ పుట్టుకొస్తుంది. దవడలు బిగుసుకుంటాయి, పళ్లు కొరుకుతుంటారు. అలసట తెలియదు, దాహం తెలియదు, ఒళ్లు కాలిపోతున్నా తెలియదు. ఏసీ సరిపోని ఇరుకు గదిలో, వందమంది మధ్య రెండు మూడు గంటలు ఎగిరితే ఒంటి వేడి 41, 42 డిగ్రీల సెల్సియస్‌కు పోవచ్చు. అప్పుడు కండరాలు కరిగి ఆ వ్యర్థం కిడ్నీలను మూసేస్తుంది, నెత్తురు గడ్డకట్టే తీరు చెడిపోతుంది. 'ఓవర్‌డోస్' అని మనం రాసేసే చావుల్లో కొన్ని నిజానికి వడదెబ్బ లాంటి చావులు.

నీళ్లు తాగితే సరిపోతుందా? 1995లో ఇంగ్లండ్‌లో ఒక అమ్మాయి తన 18వ పుట్టినరోజు పార్టీలో, ఇంట్లోనే ఒక మాత్ర వేసుకుంది. నీళ్లు తాగాలని ఎక్కడో విన్నది కాబోలు, గంటన్నరలో దాదాపు 7 లీటర్లు తాగేసింది. ఎండీఎంఏ ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పోనివ్వదు. నెత్తురులో సోడియం పడిపోయి, మెదడు వాచి ఆ పిల్ల చనిపోయింది.

నిషేధం మాత్రను ఆపలేదు గానీ, లోపలి సరుకును మార్చింది. ఎండీఎంఏ తయారీకి వాడే సాఫ్రోల్ నూనెను 2008లో కంబోడియాలో 33 టన్నులు తగలబెట్టారు. ఆ తర్వాత యూరప్‌లో ఎక్స్‌టసీ పేరుతో అమ్మే మాత్రల్లో అసలు మందు తగ్గిపోయి మెఫెడ్రోన్, పీఎంఏ లాంటి వేరే మత్తు రసాయనాలు చేరాయి. పీఎంఏ ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది, ఇంకా ఎక్కువ వేడి పుట్టిస్తుంది. మెఫెడ్రోన్‌ను మన దగ్గర 'ఎండీ' అంటారు. ఎండీ, ఎండీఎంఏ ఒకటేనని చాలామంది అనుకుంటారు, రెండూ వేరు. మెఫెడ్రోన్ ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి రాత్రంతా మళ్లీమళ్లీ తీసుకుంటారు. గుండె దడ, నిద్ర లేకపోవడం, ఎవరో వెంటాడుతున్నారన్న భయం అలా మొదలవుతాయి. 2015లో దాన్ని మన చట్టం కిందికి తెచ్చారు. 2025 సెప్టెంబర్‌లో మహారాష్ట్ర పోలీసులు దాని మూలం వెతుక్కుంటూ వచ్చి ఆగింది మన చర్లపల్లి పారిశ్రామికవాడలోనే. మందుల తయారీలో పేరున్న ఊరికి ఇది చిన్న విషయం కాదు.

కెటామైన్ కథ వేరు. 1962లో అమెరికాలో తయారైన మత్తుమందు అది, ఆపరేషన్ థియేటర్లలో ఇప్పటికీ ప్రాణాలు కాపాడుతోంది. పబ్బులో పొడిగా పీల్చేవాళ్లకు నెలల తరబడి అలవాటైతే దెబ్బ తగిలేది మూత్రాశయానికి. మామూలుగా నాలుగైదు వందల మిల్లీలీటర్లు పట్టే సంచి ముడుచుకుపోయి, పావుగంటకోసారి నొప్పితో, కొన్నిసార్లు నెత్తురుతో మూత్రానికి పరిగెత్తాల్సి వస్తుంది. పాతికేళ్ల కుర్రాడు ఆ నొప్పిని ఇంట్లో ఎవరితో చెప్పుకుంటాడు?

ఇక జీహెచ్‌బీ అనే మరో మత్తుపదార్థం. రంగులేని ద్రవం, మద్యంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

వీటన్నిటికీ తోడు భయం ఒకటి ఉంది. స్నేహితుడు కుప్పకూలితే పోలీసులొస్తారని కార్లో పడుకోబెట్టి 'నిద్రపోతే తగ్గుతుందిలే' అనుకుంటారు. ఒళ్లు కాలుతూ, దవడ బిగుసుకుని, మాట తడబడుతుంటే అది నిద్ర కాదు. 108కి ఫోన్ చేయాలి, బట్టలు వదులు చేసి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ గాలి ఆడేలా చూడాలి, ఏం మింగాడో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాలి. అలవాటు నుంచి బయటపడాలనుకునేవాళ్ల కోసం ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది: కొద్ది మోతాదు కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. సలహా కోసం 14446కు ఫోన్ చేయవచ్చు.