పోర్ట్రెయిట్లు నేర్చుకోవాలంటే ముందు విగ్రహాలు తీయండి

కొత్తగా కెమెరా కొని పోర్ట్రెయిట్లు మొదలుపెట్టినవాళ్లకి ఎదురయ్యే మొదటి ఇబ్బంది ఎదుటి మనిషి ఓపిక. మనం అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) తిప్పి, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి) సరిచేసి మళ్లీ నొక్కేలోపు ముఖంలో నవ్వు ఆరిపోతుంది, ఆ టెన్షన్‌లో ఏం మార్చామో మనకే గుర్తుండదు. నేనైతే విగ్రహంతో మొదలుపెట్టమంటాను. అది కదలదు కాబట్టి ఫొటోలో ఏ తేడా వచ్చినా వెలుగు వల్లో, సెట్టింగ్ వల్లో, మనం నిలబడ్డ చోటు వల్లో వచ్చినట్టే.

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో, ఎక్స్‌పోజర్‌కి (ఫొటో పడేంత వెలుగు లోపలికి చేరడానికి) నిమిషాలు పట్టే రోజుల్లో, ఇంగ్లండ్‌లో ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన టాల్బట్ చేసింది కూడా ఇదే. 1840లలో ప్యాట్రోక్లస్ అనే గ్రీకు వీరుడి ప్లాస్టర్ తలని రకరకాల కోణాల్లో పదేపదే తీశాడు. నేరుటెండలో నీడలు మరీ ముదిరిపోతాయి, మబ్బు పట్టిన రోజే మేలని కూడా రాశాడు.

ఒకే విగ్రహం దగ్గరికి మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి. నడినెత్తిన ఎండ ఉంటే కళ్లు రెండు నల్లటి గుంటలు. సాయంత్రం పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుగులో చెంప ఎముక, పెదవి అంచు, సన్నటి ఉలి గీతలు కూడా పైకి తేలతాయి. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ శిల్పి ఊదాన్ అయితే కనుపాపని లోతుగా తొలిచి, అందులో చిన్న పాలరాతి మొన ఒకటి వదిలేసేవాడు. గుంటలో నీడ నల్లపాపలా, మొన మీద పడ్డ వెలుగు కంటి మెరుపులా కనిపిస్తాయి. మనిషి కళ్లలో మనం వెతికే మెరుపు అచ్చంగా అదే!

తెల్లటి పాలరాయి ఫొటోలో మసకగా, బూడిద రంగులో వచ్చిందా? ఫ్రేమంతా నడిమి బూడిద రంగే అనుకుని కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ లెక్కేస్తుంది, అందుకే తెలుపుని తగ్గించేసింది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1 నుంచి 2 దాకా పెంచి చూడండి. నల్లటి కంచుకి దీనికి ఉల్టా, మైనస్‌లోకి రావాలి.

తర్వాత దూరం సంగతి. ఎక్కువ వెడల్పు పట్టే 24 ఎంఎం లెన్స్‌తో మీదకెళ్లి తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. దూరాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్స్‌తో వెనక్కి జరిగి ముఖం అంతే సైజులో వచ్చేలా తీస్తే పొందిక తిరిగొస్తుంది. మార్పు తెచ్చింది లెన్స్ కాదు, మనం జరిగిన దూరం. కావాలంటే 24తోనే అంత వెనక నిలబడి తీసి, క్రాప్ చేసి (అంచులు కత్తిరించి) పక్కపక్కన పెట్టి చూడండి, ముక్కు అదే ముక్కు.