చక్రం కింద రాయి

పోయిన వేసవిలో అనంతపురంలో బంధువుల పెళ్లి. ముహూర్తం కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచినవాణ్ణి, రాత్రి భోజనాలయ్యాక పదిన్నరకు కారు తీశాను. కర్నూలు దాకా 150 కిలోమీటర్లు, నున్నటి హైవే. గుత్తి కోట ఉన్న కొండ చీకట్లో నల్లగా కనబడటం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది డోన్. మధ్యలో ప్యాపిలి ఎప్పుడు దాటానో ఇప్పటికీ తెలియదు.

అయినా ఏమీ కాలేదు. అయ్యింది ఇంటి దగ్గర. ర్యాంపు మీద కారు ఆపి, తాళం తీసుకుని దిగి, గేటు గొళ్లెం తీస్తున్నాను. హ్యాండ్‌బ్రేక్ వేయలేదు, గేరులోనూ పెట్టలేదు. కారు తాపీగా వెనక్కి జారి ఎదురింటి అరుగును గుద్దింది. ఆ ఇంటి పెద్దాయన లైటు వేసి బయటికొచ్చి, "ఏమప్పా, అంత దూరం బాగా తోలుకొచ్చి మా అరుగుకు గుద్దినావే!" అన్నాడు.

ఆయన వెక్కిరించాడు గానీ అందులో ఒక పాఠమే ఉంది. అలసిపోయిన పైలట్ అనగానే మనకు ఆకాశంలో కునుకు తీసే మనిషే గుర్తొస్తాడు. చిన్న విమానాల్లో అలసట నేల మీద కూడా అంతే దెబ్బ తీస్తుంది, ఇంకా ఎగరకముందు, లేదా దిగేశాక, "వచ్చేశాం కదా" అని మనసు చేతులు దులుపుకున్నాక. మన సీమకు ఇది దూరపు సంగతేమీ కాదు. పుట్టపర్తి రన్‌వే 1990 నాటిది, ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి, పైలట్ శిక్షణ కేంద్రాల కోసం ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో కడప కూడా ఉంది. శిక్షణ అంటే రెండు, నాలుగు సీట్ల చిన్న విమానాలే.

ముందు నిద్ర లెక్క చూద్దాం. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. పడుకుంటే తప్ప ఆ బాకీ తీరదు. కాఫీ చేసేదల్లా అడినోసిన్ వెళ్లి కూర్చోవాల్సిన కుర్చీల్లో ముందే తాను కూర్చోవడం. కరెంటు బిల్లు కట్టకుండా మీటరు మీద గుడ్డ కప్పినట్టన్నమాట. దీనికి తోడు ఒంట్లో గడియారం ఒకటుంది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా అది మనిషిని బాగా కిందికి లాగుతుంది.

1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు ఒక పోలిక తేల్చారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చేతి నేర్పు, రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో కారు తోలేవాడికి పరిమితి 0.03 శాతం. అంటే ఆ రాత్రి నేను చుక్క ముట్టకపోయినా డ్రంకన్ డ్రైవ్ గీత ఎప్పుడో దాటేశాను. నిద్రలేమిని పట్టుకోవడానికి నోట్లో ఊదే మెషీన్ లేదు, అంతే తేడా.

2003 నాటి ఇంకో ప్రయోగం ఇంతకన్నా గుబులు పుట్టిస్తుంది. కొందరిని రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చి రెండు వారాలు చూశారు. చివరికి వాళ్ల పనితీరు ఒక రాత్రంతా బొత్తిగా నిద్రపోనివాళ్ల స్థాయికి దిగజారింది. వాళ్లను అడిగితే మాత్రం "కొంచెం మత్తుగా ఉంది, పర్లేదు" అన్నారు. అలసట మొదట తినేసేది, అలసిపోయానని తెలుసుకునే తెలివినే.

ఈ మత్తులో విమానం చుట్టూ తిరిగి చూసే పైలట్‌ను ఊహించుకోండి. ఎగిరే ముందు రెక్కలు, చక్రాలు, ఇంధనం అన్నీ చేత్తో తాకి చూడాలి. రెక్క కింది నుంచి గాజు గొట్టంలోకి కాస్త పెట్రోలు వంపుకుని వెలుగులో చూస్తారు. చిన్న విమానాల పెట్రోలుకు లేత నీలం రంగు కలిపి ఉంటుంది. నీళ్లు చేరితే రంగు లేకుండా అడుగున ముత్యంలా నిలుస్తాయి. ఆ ముత్యాన్ని చూడటానికి అర నిమిషం చాలు. నిద్ర కళ్లకు మాత్రం గొట్టమంతా నీలంగానే కనిపిస్తుంది.

రెక్కకు వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది, పేరు పీటో గొట్టం. ఎదురుగాలి అందులోకి దూరితేనే వేగం తెలిసేది. తలుపు సందుల్లో, టీవీ వెనక మట్టి గూళ్లు కట్టే కందిరీగ మనందరికీ తెలుసు కదా, దానికి ఈ గొట్టమంటే మహా ఇష్టం. అందుకే విమానం ఆగి ఉన్నప్పుడు దానికి తొడుగు వేసి, ఎర్ర పట్టీ వేలాడదీస్తారు. 1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక పెద్ద విమానం, తొడుగులు లేకుండా చాలా రోజులు నిలిపి ఉంచినది, ఎగిరిన కాసేపటికే సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. గొట్టంలో కందిరీగ గూడే కారణమై ఉంటుందని దర్యాప్తు అధికారులు అనుమానించారు. తొడుగు వేయడం మర్చిపోతే అదొక ప్రమాదం. తొడుగు తీయడం మర్చిపోతే ఇంకొకటి.

అన్నిటికన్నా నాకు భయం పుట్టించేది ప్రొపెల్లర్, విమానం ముక్కున తిరిగే పంకా. నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుందనుకుందాం, సెకనుకు 40. దాని పొడవు దాదాపు 1.9 మీటర్లు. లెక్క వేస్తే కొస గంటకు 860 కిలోమీటర్ల వేగంతో గాలిని కోస్తోంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా సరే, ఆ రెక్క కంటికి కనబడదు, దాని వెనకున్న కొండా చెట్టూ మాత్రం మామూలుగా కనబడతాయి. బ్యాగు మర్చిపోయానని ఇంజన్ ఆపకుండానే ఒకరిని దిగమనడం, దిగినవాడు దగ్గర దారి అని ముందు వైపు నుంచి రావడం... వేరుశనగ నూర్పిడి మెషీన్ బెల్టు దగ్గర తువ్వాలు ఎగరేసుకుంటూ నిలబడొద్దని పెద్దవాళ్లు ఎందుకు అరుస్తారో తెలిసినవాళ్లకు ఇది విడమరచక్కర్లేదు.

ఆగి ఉన్న ప్రొపెల్లర్‌నూ నమ్మడానికి లేదు. ఈ ఇంజన్లలో నిప్పురవ్వ పుట్టించేది మాగ్నెటో. దానికి బ్యాటరీతో పని లేదు, ఇంజన్‌ను తిప్పితే చాలు, రవ్వ తానే పుడుతుంది. కీ ఆఫ్ చేయడమంటే మాగ్నెటోను ఒక వైరుతో ఇంజన్ బాడీకి కలిపి ఆ రవ్వను చంపేయడం. ఆ ఒక్క వైరు తెగిందంటే, కీ జేబులో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. అప్పుడు ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేత్తో కాస్త కదిపితే, సిలిండర్‌లో పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే, ఒక్క చుట్టు తన్నగలదు. పాత ఆయిల్ ఇంజన్ల హ్యాండిల్ ఎదురుతన్ని మణికట్టు విరిగినవాళ్లు మన బావుల దగ్గర ఉండేవాళ్లు. ఇక్కడ మణికట్టుతో పోదు.

పైలట్లకు నేర్పే స్వీయ పరీక్షలో జబ్బు, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, మనసు బాగోలేకపోవడం, అన్నీ ఉన్నాయి. మద్యానికి మన దేశంలో 12 గంటల ఎడం అని ఖచ్చితమైన నిబంధన ఉంది. ఎయిర్‌లైన్స్ పైలట్లకు డ్యూటీ గంటల లెక్కా ఉంది. అమెరికాలోనైతే సొంత విమానాన్ని సొంత పనికి నడుపుకునేవాడికి ఆ లెక్క కూడా లేదు, తన ఒంటికి తానే అధికారి. పోనీ కునుకు తీద్దామా? నాసా ప్రయోగంలో సగటున 26 నిమిషాల కునుకు పైలట్ల పనితీరును 34 శాతం మెరుగుపరిచింది. కానీ ఎక్కువసేపు పడుకుని లేస్తే కాసేపు బుర్ర మొద్దుబారి ఉంటుంది. 2010లో మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదంలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయి లేచాడని దర్యాప్తు నివేదిక రాసింది. కాక్‌పిట్ రికార్డింగులో గురక వినిపించింది.

చిన్న విమానాలవాళ్లకు ఒక మంచి అలవాటుంది. విమానం ఆపాక మాగ్నెటో తాళంచెవి బయటికి తీసి, ముందు అద్దం వెనక బయటికి కనబడేలా పెట్టి, దిగి చక్రాలకు దిమ్మలు పెడతారు. విమానం ముందుకు వెళ్లాల్సిన మనిషి అద్దంలోంచి ఆ తాళం కోసం చూస్తాడు. కనబడినా సరే, ప్రొపెల్లర్‌కు ఎడంగానే నడుస్తాడు. నేనిప్పుడు ర్యాంపు పక్కన ఒక బండరాయి ఉంచాను. మొదటి వారం ఎదురింటి పెద్దాయన రోజూ తొంగి చూసేవాడు, పెట్టానా లేదా అని.