1880 నాటి ఉత్తర్వు: అమరావతి మహాచైత్యం దగ్గర చూడటానికి ఏం మిగిలింది

రాజధాని పనులు 2025 మేలో మళ్లీ మొదలైనప్పటి నుంచి, పాత అమరావతిని బౌద్ధ పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న మాటా, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోని శిల్పాలను వెనక్కి రప్పించాలన్న డిమాండూ తిరిగి వినిపిస్తున్నాయి. శాతవాహనుల కథ, ధాన్యకటకపు వైభవం పాఠకులు ఎరిగినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. అమరేశ్వరుణ్ణి దర్శించుకుని, 125 అడుగుల ధ్యానబుద్ధుడి ముందు ఫొటో దిగిన యాత్రికుడు, మహాచైత్యం, అంటే ఇక్కడి బౌద్ధ మహాస్తూపం, దగ్గరకు వచ్చేసరికి గడ్డి మొలిచిన తక్కువ ఎత్తు దిబ్బను, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలను చూసి కాసేపటికే ఎందుకు వెనుదిరుగుతున్నాడన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ నష్టానికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిని తప్పుపట్టడం వాడుక. 18వ శతాబ్దం చివర ఆయన చింతపల్లి నుంచి వచ్చి పట్నం కట్టించినప్పుడు, జనం దీపాలదిన్నె అని పిలుచుకునే ఈ గుట్టలోని రాళ్లు గోడల్లోకి చేరిన మాట, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయిన మాట నిజమే. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన పలకల్లో 121 ఆ తరువాత లండన్ వెళ్లాయి. ఇంత జరిగినా ప్రదక్షిణ పథంలో పెద్ద భాగం, దాని వెంట పడి ఉన్న శిల్పాలతో సహా, 1870ల చివరి వరకు మట్టి కిందే ఉంది. అసలు మలుపు ఆ తరువాతే వచ్చింది.

1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ దిబ్బ మొత్తాన్ని తవ్వి శుభ్రం చేయమని ఉత్తర్వు ఇచ్చాడు. పొరలను గుర్తించే ఓపిక గాని, ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టే ఏర్పాటు గాని లేకుండా కూలీలతో సాగిన ఆ పనిలో, దాదాపు 50 మీటర్ల వ్యాసం గల స్తూపం ఉండిన చోటు పెద్ద గొయ్యిగా మారింది. 1881 చివర పురావస్తు సర్వేకు చెందిన జేమ్స్ బర్జెస్ అక్కడికి చేరేసరికి రాళ్లు ఎండలో, వానలో పడి ఉన్నాయి. వాటిని మద్రాసు మ్యూజియానికి తరలించకపోతే దక్కవని ఆయన వాదించాడు.

ఆ రోజుల్లోనే ప్రాచీన కట్టడాల క్యురేటరుగా నియమితుడైన హెచ్.హెచ్. కోల్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. శిల్పం పుట్టిన చోటే ఉండాలనీ, మ్యూజియాలకు ప్లాస్టర్ నకళ్లు చాలుననీ, అసలు రాళ్లను చోటు నుంచి కదిలిస్తే ఆ కట్టడానికి అర్థమే పోతుందనీ ఆయన చెప్పాడు. బర్జెస్ భయం ఉత్త భయం కాదు, సున్నపు బట్టీల ముప్పు ఆయన కళ్లెదుటే ఉంది. అయితే కాపలా పెట్టి, పైకప్పు వేసి రాళ్లను అక్కడే నిలిపే దారి కూడా ప్రభుత్వం ముందు ఉంది. అది ఆ దారి పట్టలేదు. శిల్పాలు మద్రాసు చేరి గోడలో సిమెంటుతో బిగిసిపోయాయి. కోల్ మాట నెగ్గి ఉంటే అమరావతిని ఇవాళ సాంచీ పక్కన నిలిపి చూసేవాళ్లమని ఈ వ్యాసకర్త నమ్మకం.

2006 జనవరిలో దలైలామా ఆధ్వర్యంలో జరిగిన కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమంతో ఊరి పేరు మళ్లీ ప్రపంచ బౌద్ధుల నోట పలికింది. 2015లో కేంద్రం ప్రకటించిన హృదయ్ పథకంలోని 12 నగరాల్లో, 2011 లెక్కల ప్రకారం దాదాపు 13 వేల జనాభా ఉన్న ఈ ఊరికీ చోటు దక్కి 22.26 కోట్ల రూపాయలు కేటాయింపు అయ్యాయి. ఆ పథకం రూపమే వారసత్వ స్థలాల చుట్టూ దారులు, దీపాలు, పారిశుధ్యం వంటి వసతుల కోసం. వసతులు అవసరమే, కాని వచ్చినవాడికి చూపించవలసిన శిల్పం ఎగ్మూరులో, లండన్‌లో ఉన్నంతకాలం ఆ దారులు ఖాళీ దిబ్బ దగ్గరికే తీసుకువెళతాయి. పైగా ఇది కేంద్ర రక్షిత స్థలం. 2010 చట్ట సవరణ తరువాత రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి కనుక, కొత్త ఆకర్షణలన్నీ స్తూపానికి దూరంగానే లేస్తాయి.

శిల్పాలు తరలినప్పుడు అమరావతి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి వాటిని ఎవరూ ఎవరి దగ్గరా దోచుకోలేదన్నది చెన్నై వైపు నిలబడే వాదన. చట్టం రీత్యా దాన్ని తోసిపుచ్చడం కష్టం. అసలైనవి రావడానికి ఎంత కాలం పట్టినా, నకళ్లకు ఆ అడ్డు లేదు. 1816లో సర్వేయర్ కాలిన్ మెకంజీ బృందం మొదలుపెట్టిన పటాల్లో, 1887లో అచ్చయిన బర్జెస్ గ్రంథంలో పలకల బొమ్మలున్నాయి, కొన్నింటి స్థానాలూ తెలుస్తాయి. కోల్ మ్యూజియాల కోసం అడిగిన ఆ నకళ్లను, మ్యూజియంలోని అసలు శిల్పాల నుంచి పోత పోయించి దిబ్బ దగ్గర వాటి వాటి స్థానాల్లో నిలపమని అడగవలసిన వంతు ఇప్పుడు అమరావతిది.