సవామురా పేరు, ఎవరి కొలత?

జపాన్ బేస్‌బాల్‌లో 2024 సీజన్‌కు సవామురా అవార్డు ఎవరికీ ఇవ్వడం లేదని ఎంపిక సంఘం తేల్చడంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఏటా అత్యుత్తమ స్టార్టింగ్ పిచర్‌కు, అంటే మ్యాచ్ మొదటి నుంచీ బంతి విసిరే ఆటగాడికి, ఇచ్చే ఈ అవార్డుకు ఏడు కొలమానాలున్నా అప్పుడు తగవంతా రెండింటి మీదే: సీజన్‌లో 200 ఇన్నింగ్స్ (బేస్‌బాల్ మ్యాచ్‌కు మామూలుగా తొమ్మిది), 10 కంప్లీట్ గేమ్‌లు. కంప్లీట్ గేమ్ అంటే ఇంకో పిచర్‌కు బంతి అప్పగించకుండా మ్యాచ్ మొత్తం ఒక్కడే వేయడం. మన క్రికెట్లో అయితే ఒకే ఫాస్ట్ బౌలర్ రెండు వైపుల నుంచీ వేసినట్టు. సంఘంలో ఉన్నది మాజీ పిచర్లు. కొలత తగ్గిస్తే అవార్డు విలువ పోతుందని అప్పట్లో వాళ్ల వాదన.

ఇంతకీ ఎవరి పేరు మీద ఈ అవార్డు ఉందో, ఆ పిచర్ ఎయిజీ సవామురా ఎన్నాళ్లు ఆడాడు?

1934లో, 17 ఏళ్ల వయసులో, అమెరికా దిగ్గజ బ్యాటర్లు బేబ్ రూత్‌ను, లూ గెహ్రిగ్‌ను వరసగా స్ట్రయికవుట్ చేసిన (బంతిని కొట్టనివ్వకుండానే ఔట్ చేసిన) కథ బేస్‌బాల్ తెలిసినవాళ్లందరికీ తెలుసు. దాన్ని పక్కన పెడదాం. చూడాల్సింది 1937. వసంతకాలపు సీజన్ ఒక్కదానిలోనే అతనితో 244 ఇన్నింగ్స్ వేయించారు. 24 గెలిచాడు, 4 ఓడాడు. అదే ఏడాది శరత్కాలానికి లెక్క 9 గెలుపులు, 6 ఓటములు. చేయి అప్పటికే అలిసిందని అనుకోవడానికి ఈ తేడా చాలదా?

1938 జనవరిలో సైన్యం పిలిచింది. చైనా యుద్ధానికి పంపింది. మంచి పిచర్ కదా అని అతని చేత పదేపదే గ్రెనేడ్లు విసిరించారు. బేస్‌బాల్ బరువు 150 గ్రాములకు మించదు, గ్రెనేడ్ దానికి మూడు రెట్లు. భుజం పాడైంది. ఎడమ చేతికి గాయం, పైగా మలేరియా. 1940లో తిరిగొచ్చేసరికి భుజం మీదుగా విసిరే పాత వేగం లేదు. చేతిని పక్కగా తిప్పి వేయడం నేర్చుకున్నాడు. ఆ జులైలో నగోయా జట్టుకు ఒక్క హిట్ కూడా (బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం) ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. నా లెక్కలో అతని అసలు గొప్పతనం ఇదే. కానీ అవార్డు కొలతల్లో ఈ సవామురా కనిపించడు.

మళ్లీ పిలుపు, ఫిలిప్పీన్స్. 1943లో ఆడితే మూడు ఓటములు, గెలుపు లేదు. అతని జట్టు జెయింట్స్ అతన్ని వద్దనుకుంది. మూడోసారి సైన్యంలోకి వెళ్తుండగా 1944 డిసెంబర్ 2న యకుషిమా దగ్గర అమెరికా జలాంతర్గామి టార్పెడోకు అతని ఓడ మునిగింది. వయసు 27. మొత్తం గెలుపులు 63. వద్దన్న జెయింట్సే 1947లో అతని 14వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకూడదని తీర్మానించింది. అవార్డు పుట్టిందీ ఆ ఏడాదే.

ఈ నియమాలను సంఘం ఎప్పుడూ అక్షరాలా పాటించిందా అంటే అదీ లేదు. ఏడు కొలతలనూ 2018లో పిచర్ టొమొయుకి సుగానో అందుకున్నాడు. ఆ తర్వాత 2021, 2022, 2023ల్లో మరో పిచర్ యొషినొబు యమమోటోకు వరసగా మూడుసార్లు అవార్డు ఇచ్చారు. వాటిలో ఏ ఏడాదీ అతను 10 కంప్లీట్ గేమ్‌లు వేయలేదు.