ఎండు ఫలాలు: అపోహలు - వాస్తవాలు

సుమారు నాలుగు కిలోల ద్రాక్ష ఎండితే కిలో కిస్‌మిస్ వస్తుంది. పోయేది చాలావరకు నీరే. ద్రాక్షలో 80 శాతం దాకా ఉండే నీరు కిస్‌మిస్‌లో 15 శాతానికి దిగుతుంది. పీచు, పొటాషియం, చక్కెర మాత్రం చిక్కబడతాయి. కింద చెప్పే అపోహల్లో సగం ఈ ఒక్క లెక్క మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పండులోది సహజమైన చక్కెర కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు.
వాస్తవం: 100 గ్రాముల ద్రాక్షలో 70 కేలరీలు ఉంటే, కిస్‌మిస్‌లో 300. అందులో 60 గ్రాములకు పైగా చక్కెరే. గింజ తీసిన ఒక పెద్ద మెడ్జూల్ ఖర్జూరం 24 గ్రాములు తూగుతుంది, దాంట్లో చక్కెర సుమారు 16 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు. వీటి గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) మరీ ఎక్కువ కాదన్న మాట నిజమే. కానీ ఎంత తిన్నామో ఆ అంకె చెప్పదు. రోజుకు 30 గ్రాములు చాలు. ఒకసారి తూచి చూడండి, చిన్న గుప్పెడే వస్తుంది. బాదంతోనో పెరుగుతోనో కలిపి తింటే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు దీన్ని ఆ పూట పిండిపదార్థాల్లో భాగంగా లెక్కేసుకోవాలి, అదనంగా కాదు. ఎండు క్రాన్‌బెర్రీలైతే మరీ పులుపు కాబట్టి దాదాపు ఎప్పుడూ చక్కెర కలిపే అమ్ముతారు. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి.

అపోహ: ఖర్జూరాలు తింటే రక్తహీనత తగ్గిపోతుంది.
వాస్తవం: 100 గ్రాముల ఖర్జూరంలో ఇనుము సుమారు 1 మిల్లీగ్రాము, కిస్‌మిస్‌లో 2 లోపే. గుప్పెడు కిస్‌మిస్‌కి దక్కేది అర మిల్లీగ్రాము. నెలసరి వచ్చే స్త్రీకి రోజుకు కనీసం 18 కావాలి. పైగా మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. విటమిన్ సి తోడైతే మెరుగ్గా పడుతుంది గానీ, ఎండబెట్టడంలో ముందుగా పోయేది అదే: 100 గ్రాముల తాజా ఆప్రికాట్‌లో 10 మిల్లీగ్రాములుంటే ఎండినదాంట్లో 1. అందుకే పక్కన ఓ నారింజో జామకాయో పెట్టుకోండి. టీ, కాఫీలు ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి కాబట్టి గంట ఆగి తాగండి. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానేసి ఖర్జూరాలను నమ్ముకోవద్దు.

అపోహ: మలబద్ధకానికి ఏ ఎండు పండైనా ఒకటే.
వాస్తవం: ప్రూన్స్, అంటే ఎండు ప్లమ్స్, ఇందులో ముందుంటాయి. 100 గ్రాముల్లో 7 గ్రాముల పీచుతో పాటు సుమారు 15 గ్రాముల సార్బిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది పేగులోకి నీటిని లాగుతుంది. మూడు నాలుగుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచండి. ఒకేసారి పది తింటే గ్యాస్, విరేచనాలు రావొచ్చు.

అపోహ: నానబెడితే పోషకాలు రెట్టింపవుతాయి.
వాస్తవం: మెత్తబడతాయి, పళ్లకు తక్కువ అంటుకుంటాయి. అంతే. కొంత చక్కెర, పొటాషియం నీళ్లలోకి దిగుతాయి కాబట్టి ఆ నీళ్లు పారబోయకండి. వేడి వాతావరణంలో రాత్రంతా బయట ఉంచితే పులుస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టండి.

అపోహ: రంగు మెరుస్తుంటే నాణ్యమైనది.
వాస్తవం: ఆప్రికాట్‌లోని ఆ నారింజ మెరుపును నిలబెట్టేది సల్ఫర్ డయాక్సైడ్ అనే నిల్వ రసాయనం. అది వాడకపోతే పండు గోధుమ రంగుకు తిరుగుతుంది, రుచికి ఢోకా లేదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఎండు ఆప్రికాట్లలో కిలోకు 2000 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. చాలామందికి ఇబ్బంది లేదు. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి మాత్రం ఆయాసం వస్తుంది. లేబుల్ మీద 220 నుంచి 228 మధ్య అంకెలు కనిపిస్తే అవి సల్ఫైట్లే, అంటే సల్ఫర్ డయాక్సైడ్, దాని కోవకు చెందిన రసాయనాలే. కడిగినంత మాత్రాన పూర్తిగా పోవు.

కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఇవేవీ తినకూడదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు కిస్‌మిస్ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

అపోహ: అంజీర్ మీద తెల్లటి పొర అంటే బూజే.
వాస్తవం: చాలాసార్లు అది పైకి తేలిన చక్కెర. గోరువెచ్చని నీళ్లలో ముంచితే కరిగిపోతుంది. కరగకుండా నూగులా కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా అది బూజే. అలాంటప్పుడు ఆ ఒక్క పండే కాదు, డబ్బా మొత్తం పారేయండి. అంజీర్‌లో అఫ్లాటాక్సిన్, కిస్‌మిస్‌లో ఆక్రాటాక్సిన్ లాంటి బూజు విషాలు కడిగితే పోవు, వేయిస్తే పూర్తిగా నశించవు.