చిన్న జబ్బులకు ట్రైనింగ్ ఎందుకంటారా?

బెంగళూరులో నర్సులకు, క్లినిక్‌లలో కొత్తగా చేరిన డాక్టర్లకు జలుబు, జ్వరం, విరేచనాల్లాంటివి చూడటం నేర్పుతుంటాను. మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు నుంచి మనవాళ్ళు బాగానే వస్తారు, అందుకే క్లాసు సగం తెలుగులోనే నడుస్తుంది. ప్రతి బ్యాచ్‌లో వినపడే మాటలివి.

అపోహ: మందుల పేర్లు, డోసులు వస్తే చాలు.
వాస్తవం: అవి తొందరగానే వచ్చేస్తాయి, కష్టమంతా చూడటంలో ఉంది. దగ్గుతో వచ్చిన బిడ్డకు స్టెతస్కోపు పెట్టకముందే చొక్కా పైకెత్తి, తల్లి ఒళ్ళో నిమ్మళంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తామంటారు, కుదరదు, పసిపిల్లల ఊపిరి ఒక్క తీరుగా నడవదు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ళ దాకా 40, లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఉన్నట్టే. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా అది ఇక చిన్న జబ్బు కాదు. మూడు నెలల లోపు పసికందుకు 100.4 జ్వరముంటే, ఎంత హుషారుగా కనపడినా పెద్దాసుపత్రికే.

అపోహ: కఫం పచ్చగా ఉంటే యాంటీబయాటిక్ పడాల్సిందే.
వాస్తవం: వైరస్ జలుబులోనూ పచ్చబడుతుంది. దగ్గు మూడు వారాల దాకా సాగొచ్చని ముందే చెబితే ఐదో రోజున ఇంకో క్లినిక్‌కి పరుగెత్తరు.

అపోహ: పిల్లలకు పెద్దవాళ్ళ డోసులో సగం.
వాస్తవం: ముందు బరువు తూచండి. పారాసిటమాల్ ఒక్కో డోసుకి కిలోకి 15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లు మించకుండా. పది కిలోల బిడ్డకు 150. ఐదు ఎంఎల్‌కి 250 ఉన్న సిరప్ అయితే 3 ఎంఎల్, ఎంఎల్‌కి 100 ఉన్న చుక్కల మందైతే ఒకటిన్నర. సీసా మారిందని చూసుకోకుండా అదే 3 ఎంఎల్ పట్టారనుకోండి, డోసు రెట్టింపు. కాబట్టి సీసా మీద అంకె వేలుపెట్టి చూపించాలి. ఇక క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు సిరప్ నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడొద్దని 2023లోనే కేంద్రం చెప్పింది, అయినా రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు.

అపోహ: జ్వరం దిగితే గండం గడిచినట్టే.
వాస్తవం: డెంగీలో జ్వరం దిగే రోజులే ప్రమాదం. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళలో రక్తం కనపడితే వెంటనే పంపాలి. ఐబుప్రోఫెన్ అనే నొప్పి, జ్వరం మందు జోలికి పోవద్దు.

అపోహ: మందు రాయకుండా పంపితే పేషెంట్లు ఒప్పుకోరు.
వాస్తవం: ఏమీ చెప్పకుండా పంపితే ఒప్పుకోరు. క్లాసులో ఒకరిని తల్లిగా, ఒకరిని నర్సుగా కూర్చోబెడతాం. "ఏం పరవాలేదమ్మా, తగ్గిపోతుంది" అనగానే ఆపేస్తాను. ఎన్నాళ్ళకు తగ్గుతుంది? "ఎక్కువైతే రండి" అంటే ఎంత ఎక్కువైతే? అర్ధరాత్రి అయితే ఎక్కడికి పోవాలి? ఇవన్నీ చెప్పాక "అర్థమైందా" అని అడగకండి, ఎవరైనా తలూపేస్తారు. "ఇంటికెళ్ళాక మీ అత్తగారికి ఏం చెబుతారో ఒకసారి నాకు చెప్పండమ్మా" అనండి.